ఎర్రమంజిల్‌ను కూల్చలేదు సరే, కాపాడారా?

తెలంగాణ ప్రభుత్వానికి;
వారసత్వ శాఖ, రోడ్లు-భవనాల శాఖ, భాషా సాంస్కృతిక శాఖల బాధ్యతలు చూస్తున్న మంత్రులకు, ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులారా,



2019 సెప్టెంబరు 16న రాష్ట్ర హైకోర్టు ఒక మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను పడగొట్టి, అది ఉన్న గుట్ట మీద కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయం అది. ఆ తీర్పు వచ్చాక ఈ నగరంలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఏమైంది? ప్రభుత్వం మారింది. మంత్రులు మారారు. శాఖల కార్యదర్శులు మారారు. మారనిది ఆ భవనం పట్ల మీ శాఖల వైఖరి ఒక్కటే. కోర్టు కూల్చవద్దంది కాబట్టి కూల్చం, అంతకు మించి మాకు పని లేదు అన్నట్టుంది మీ తీరు. ఊరుకోవడాన్నే కాపాడటం కింద జమ వేసుకుంటున్నారు. ఈ లెక్కను ఈ నగర పౌరుడిగా నేను ఒప్పుకోలేను. అందుకే ఈ లేఖ.

కట్టడాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే అది అలాగే ఉంటుందా? రావి మొక్క వేరు డంగు సున్నంలోకి దిగితే ఏమవుతుందో మీ ఇంజినీర్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి వానాకాలం ఆ సందు కాస్త పెరుగుతుంది. పైకప్పులో నిలిచిన నీరు దూలాల్లోకి ఇంకుతుంది. పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తితే లోపలి తేమ బయటికి రాలేక చుట్టుపక్కల గచ్చును కూడా ఊడదీస్తుంది. ఇందుకు ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు, ఏ జీవో అక్కర్లేదు, ఏ కోర్టూ దీన్ని ఆపలేదు. కొన్నేళ్ల తర్వాత ఒక నిపుణుల నివేదిక వస్తుంది. భవనం ప్రమాదకరంగా ఉంది, తొలగించక తప్పదు అంటుంది. ఆ రోజు మీరు న్యాయస్థానాన్ని ధిక్కరించినట్టు కాదు, ఎవరినీ ఎదిరించినట్టూ కాదు. కానీ 2019లో ప్రజలు ఆపిన పనిని నింపాదిగా పూర్తి చేసినట్టవుతుంది. దానికి బాధ్యులు ఎవరు? వానా?

ఇది ఒక్క భవనం కథ అయితే ఇంత ఆవేదన ఉండేది కాదు. 2015 జనవరిలో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిని తరలించి అక్కడ సచివాలయం కడతామన్నారు. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రంనుమా అక్కడే ఉంది. 2019 జూన్‌లో అదే నవాబు కట్టించిన ఎర్రమంజిల్ వంతు వచ్చింది. జూన్ 18న మంత్రివర్గం తీర్మానించింది, 27న శంకుస్థాపన అయిపోయింది. 2020 జులైలో పాత సచివాలయం నేలమట్టమైంది. అందులో జీ బ్లాకుగా మిగిలిన సైఫాబాద్ ప్యాలెస్ కూడా పోయింది. అమీర్‌పేటకు అటూ ఇటూ మెట్రో ఎక్కితే కొద్ది నిమిషాల్లో చేరే దూరంలో, అయిదారేళ్ల వ్యవధిలో, ఇన్ని కట్టడాల మీద ఒకే ఆలోచన నడిచింది: పాతది అడ్డం, స్థలమే విలువ. ఆ ఆలోచన పాత ప్రభుత్వానిది అని మీరు అనవచ్చు. మరి మీ ఆలోచన ఏమిటి? దాన్ని ప్రజల ముందు ఎప్పుడు పెట్టారు?

2017 వారసత్వ చట్టం జాబితాలో ఎర్రమంజిల్ లేదని ఆనాడు ప్రభుత్వం కోర్టులో వాదించింది. జాబితాలో లేకపోవడం భవనం తప్పా, జాబితా రాసినవారి తప్పా? చేర్చే అధికారం ఎవరి చేతిలో ఉంది? మీ చేతిలోనే కదా!

నేను అడుగుతున్నది మరమ్మతు ఒక్కటే కాదు. మరమ్మతు చేసి, రంగులేసి, పెళ్లిళ్లకూ విందులకూ అద్దెకిచ్చే పద్ధతి ఒకటుంది. ప్రైవేటు సంస్థకు అప్పగించి హోటల్ చేసే పద్ధతి ఇంకొకటి. అవి రెండూ గోడలను నిలబెడతాయేమో గానీ, ఆ గోడల మధ్య జరిగినదాని నోరు నొక్కేస్తాయి. ఎర్రమంజిల్‌ను సమకాలీన కళకు ఇవ్వండి. కాలం, జ్ఞాపకం, వలస పాలన చరిత్ర - వీటిని పట్టుకుని పనిచేసే చిత్రకారులకు, శిల్పులకు, ఫొటోగ్రాఫర్లకు, నేతగాళ్లకు, వీడియో కళాకారులకు ఇవ్వండి. వాళ్లు చేసిన పనిని జనం పైసా ఖర్చు లేకుండా చూసేలా తలుపులు తెరవండి. ఇదే నా విన్నపం.

ఎందుకు కళాకారులకు? చరిత్రకారులు చాలరా అని మీరు అడగవచ్చు. జవాబు ఎర్రమంజిల్‌కు దగ్గర్లోనే, బేగంపేటలో ఉంది.

సర్ రొనాల్డ్ రాస్ పేరున్న భవనం మీకు తెలుసు. బ్రిటిష్ ఇండియా సైనిక వైద్యుడు రాస్ 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపు కోసి, అందులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ పరిశోధన సాగిన చోటుగా ఆ భవనానికి గుర్తింపు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఏటా ఆగస్టు 20న ప్రపంచం దోమల దినం జరుపుతుంది. ఇంతవరకూ పిల్లల పుస్తకాల్లోనూ ఉంటుంది. ఆ దోమలు ఎవరి రక్తం తాగాయి? హుస్సేన్ ఖాన్ అనే రోగి రక్తం. జ్వరంతో ఉన్న ఆ మనిషి మీద రాస్ దోమలను వదిలి కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడు. వైద్య చరిత్రలో అంత పెద్ద మలుపుకు ఈ గడ్డ మీది ఒక పేదవాడి ఒంటికి కట్టిన వెల అది.

రాస్ గొప్పతనాన్ని తగ్గించమని నేను అనడం లేదు. ఆయన కనిపెట్టినదాని వల్ల కోట్ల ప్రాణాలు నిలిచాయి. కానీ ఆ భవనం మీద ఒక పేరుంది, ఇంకో పేరు లేదు. ఎందుకు లేదు? ఎవరు మరిచారు? ఆ మంచం మీద పడుకున్న మనిషికి తన ఒంటితో ఏం జరుగుతోందో ఎవరైనా చెప్పారా? చరిత్ర పుస్తకం కాగితం దొరికినంత మేరకే మాట్లాడగలదు. శాఖవారి ఫలకం తేదీ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ముందుకు నడిచేది కళ. ఒక దోమతెర, ఒక మంచం, ఒక గుప్పెడు అణాలు ఆ గదిలో పెట్టి, చూసేవాళ్లను దాని పక్కన నిలబెట్టగలిగేది కళాకారుడే. అప్పుడు ఆ గదిలోకి వచ్చిన పిల్లవాడికి వలస పాలన అంటే పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు. ఒక ఒళ్లు, ఒక వెల, ఒక పేరు.

హైదరాబాద్‌ను తెల్లవాళ్లు నేరుగా ఏలలేదు, కాబట్టి వలస చరిత్ర మనది కాదు అనే మాట మన దగ్గర తరచూ వినిపిస్తుంది. ఇది పెద్ద పొరపాటు. 1798 ఒప్పందంతో నిజాం సైన్యం విషయంలో బ్రిటిష్ చేతికి చిక్కాడు. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ పుట్టింది. 1853లో సైన్యం ఖర్చుల బాకీ పేరు చెప్పి బేరార్‌ను లాక్కున్నారు, 1902లో దాన్ని శాశ్వత కౌలుగా రాయించుకున్నారు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి జనంతో కదిలారు. ఆ మౌల్వీ అండమాన్ జైల్లో జీవితం చాలించాడు. ఆ తిరుగుబాటు స్మారకం ఇవాళ కోఠి ట్రాఫిక్ మధ్య ఉంది. రోజూ దాని పక్క నుంచి పోయే వేలమందిలో ఎందరు ఆగి చదువుతారు?

మన వలస చరిత్ర తెలివైన వలస చరిత్ర. జెండా మన నవాబుది, లెక్క వాళ్లది. ఎర్రమంజిల్ రూపమే దానికి సాక్ష్యం. 19వ శతాబ్దం చివరి భాగంలో నిజాం కొలువులోని ఒక పెద్ద అమీరు, గుట్ట మీద, నూటయాభైకి పైగా గదులతో, యూరప్ రాజభవనాల తీరులో ఇల్లు కట్టించుకున్నాడు. ఆ అలంకారం ఎవరి మెప్పు కోసం? ఆ కట్టుబడికి సొమ్ము ఏ ఊళ్ల రైతుల శిస్తు నుంచి వచ్చింది? స్వాతంత్ర్యం తర్వాత అదే ఇల్లు ప్రభుత్వ రికార్డులు దాచే గోదామైంది, ఆ తర్వాత రోడ్లు-భవనాల, నీటిపారుదల శాఖల కచేరీ అయింది. దివాన్ఖానాలో గుమాస్తాల బల్లలు పడ్డాయి. నవాబు కాలం, రెసిడెంటు కాలం, ఫైళ్ల కాలం - మూడు కాలాలు ఒకే గోడల మీద పొరలు పొరలుగా ఉన్నాయి. ఈ నగరంలో సమకాలీన కళకు ఇంతకన్నా తగిన చోటు ఇంకెక్కడ ఉంది?

నవాబుల విలాసానికి ప్రజాధనమా అని అడిగేవాళ్లున్నారు. వెట్టిచాకిరీని చూసిన తెలంగాణలో ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి నా సమాధానం ఇదీ: పడగొడితే ఆ ప్రశ్న కూడా పడిపోతుంది. హోటల్ చేస్తే ఆ విలాసాన్ని మళ్లీ డబ్బున్నవాళ్లకే అమ్మినట్టవుతుంది. వెట్టి చేసినవాళ్ల మనవలు, మనవరాళ్లు ఆ దివాన్ఖానాలోకి నడిచి వచ్చి, అక్కడి గోడ మీద తమ తాతముత్తాతల సంగతి చూసిన రోజే ఆ భవనం నిజంగా ప్రజల చేతికి వచ్చినట్టు. కీర్తించే కళను నేను అడగడం లేదు, నిలదీసే కళను అడుగుతున్నాను.

ఇది జరగని పని కూడా కాదు. ముంబైలో 1872లో తెరిచిన విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం స్వాతంత్ర్యం తర్వాత భావ్ దాజీ లాడ్ పేరుతో, పాడుబడి, ఎవరికీ పట్టకుండా ఉండేది. అది ముంబై నగరపాలక సంస్థ ఆస్తి. 2003లో ఆ సంస్థ వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్‌తో, జమ్నాలాల్ బజాజ్ ఫౌండేషన్‌తో ఒప్పందం చేసుకుంది. బాగుచేసిన మ్యూజియం 2008లో తెరుచుకుంది. తెరిచి ఊరుకోలేదు. వలస కాలంలో పోగుచేసిన ఆ వస్తువుల మధ్యకే నేటి కళాకారులను పిలిచింది. జితీష్ కల్లాట్, ఎల్.ఎన్. తల్లూర్, సుదర్శన్ శెట్టి వంటివారు ఆ పాత అల్మరాలకు ఎదురుగా తమ పనిని నిలబెట్టారు. అంతకు ముందే, 1998లో, వివాన్ సుందరం కోల్‌కతా విక్టోరియా మెమోరియల్‌లో దర్బారు హాలునే తీసుకుని బెంగాల్ స్వాతంత్ర్య చరిత్రను ఇన్‌స్టలేషన్‌గా పరిచాడు. సామ్రాజ్ఞి పేరున కట్టిన పాలరాతి కట్టడం లోపల, సామ్రాజ్యాన్ని ప్రశ్నించే పని! 2012లో కొచ్చిలో బినాలే మొదలైనప్పుడు దాని ప్రధాన వేదిక ఆస్పిన్‌వాల్ హౌస్, అంటే ఒకప్పటి ఇంగ్లిషు వ్యాపారి గిడ్డంగుల సముదాయం. కేరళ ప్రభుత్వం దానికి అండగా నిలిచింది. ముంబై నగరపాలక సంస్థ చేయగలిగింది, కేరళ చేయగలిగింది. తెలంగాణకు ఏం తక్కువ?

కళాకారులు తక్కువా? 1940 నుంచి ఈ నగరంలో లలిత కళల కళాశాల నడుస్తోంది. నేడది మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో భాగం. గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. హైదరాబాద్‌లోనే ఉండి పనిచేసే వరుణికా సరాఫ్, స్వతంత్ర భారత చరిత్రలోని ఘట్టాలను గుడ్డ మీద దారంతో కుట్టి 'వీ, ద పీపుల్' అనే వరుస చేశారు. ఇలాంటి పనిని నిలకడగా చూపించడానికి, పదిమంది పిల్లలను కూర్చోబెట్టి దాని గురించి మాట్లాడటానికి, నగరం నడిబొడ్డున ఒక ప్రభుత్వ సమకాలీన కళా మ్యూజియం ఉందా? మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ప్రదర్శనలకు ఉపయోగపడుతోంది, సంతోషం. వచ్చి పోయే ప్రదర్శనశాల వేరు, నగర జ్ఞాపకాన్ని దాచి, అడిగి, చూపించే ఇల్లు వేరు.

మన జ్ఞాపకాల్లో చాలా భాగం ఇప్పటికే ఊరు దాటింది. రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. నిజాం వేటలు, వైస్రాయ్ పర్యటనలు ఆయన కెమెరాకు ఎక్కాయి. ఆయన స్టూడియో నిజాం రాజ్యంలో కరువు సహాయ పనులనూ ఫొటోలు తీసింది. ఆయన గాజు పలకల నెగటివ్‌లు 2,857ను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొని భద్రపరిచింది. భద్రపరిచినందుకు ఆ సంస్థకు కృతజ్ఞతలు చెప్పాలి. కానీ వేటాడిన పులి పక్కన నిలబడ్డ దొర ఫొటోను, కరువు పనిలో గంజి కోసం నిలబడ్డ మనుషుల ఫొటోను పక్కపక్కన పెట్టి చూసే హక్కు ఈ నగర పిల్లలకు లేదా? ఆ పలకల ప్రతులు తెప్పించి, ఒక గదిలో అమర్చి, వాటి మీద పనిచేయమని ఒక యువ కళాకారిణిని పిలవడానికి ఎంత ఖర్చవుతుంది? 2019లో కొత్త అసెంబ్లీకి వేసిన అంచనా 100 కోట్లు. అందులో ఎన్నో వంతు చాలు?

ఇక ప్రజల సంగతి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఉండే యువతను ఒక్కసారి తలుచుకోండి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, అనంతపురం నుంచి ఖమ్మం దాకా వచ్చిన పిల్లలు. ఒక్కో హాస్టల్ గదిలో ముగ్గురు, నలుగురు. పొద్దున జావా క్లాసు, మధ్యాహ్నం టెస్టింగ్ క్లాసు, సాయంత్రం రెజ్యూమె జిరాక్సులు. క్లాసు లేని గంట ఎక్కడ గడపాలి? గదిలో చోటు లేదు. పంజాగుట్ట మాల్‌లోకి వెళితే ఏదో ఒకటి కొనాలి. మెట్రోలో అమీర్‌పేట నుంచి ఎర్రమంజిల్ రెండో స్టేషన్. దిగి గుట్ట ఎక్కితే ఒక పాత హాలు, గాలి, వెలుతురు, తమ ప్రాంతపు చరిత్ర మీద తమ వయసువాళ్లు చేసిన పని. టికెట్ లేదు. కొనాల్సింది లేదు. ఆదివారం కూడా తెరిచి ఉంటుంది. ఇలాంటి చోటు వాళ్లకు ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత కాదా? వీళ్లలో ఎందరో రేపు డాలస్‌కో లండన్‌కో వెళతారు. అక్కడి మ్యూజియంల ముందు వరసలో నిలబడతారు. తమ నగరం తమ గురించి ఏం దాచిపెట్టిందో వాళ్లకు ఇక్కడే తెలియాలి.

కళ ఎందుకు అవసరమో మీకు తెలియదని నేను అనుకోను. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు చిహ్నం కావాలంటే చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ గీశారు. 2024లో ఆ చిహ్నాన్ని మార్చాలన్న ప్రయత్నం వచ్చినప్పుడు, చార్మినార్ ఉండాలా, కాకతీయ తోరణం ఉండాలా అని రాష్ట్రమంతా వాదించుకుంది. అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ తల్లి విగ్రహం రూపం మారింది. అంటే ఒక గీత, ఒక రూపం ప్రజల జ్ఞాపకాన్ని ఎంతగా కదిలిస్తాయో మీరు కళ్లారా చూశారు. చిహ్నానికి, విగ్రహానికి గుర్తొచ్చే కళాకారుడు, చరిత్రను ప్రశ్నించాల్సి వచ్చినప్పుడు ఎందుకు గుర్తు రాడు? ప్రభుత్వానికి నచ్చిన జ్ఞాపకానికే చోటిస్తే, అది జ్ఞాపకమా, ప్రచారమా?

అందువల్ల నేను కోరుతున్నవి ఇవి. మొదటిది, ఎర్రమంజిల్ కట్టడం ఇవాళ ఎంత బలంగా ఉందో స్వతంత్ర పరిరక్షణ నిపుణుల చేత పరీక్ష చేయించి, ఆ నివేదికను ప్రజల ముందు పెట్టండి. రెండోది, 2017 చట్టం కింద దానికి రక్షణ కల్పించండి. రేపు ఏ ప్రభుత్వం వచ్చినా కోర్టు మెట్లు ఎక్కే పని పౌరులకు ఉండకూడదు. మూడోది, భవనమంతా ఒకేసారి చేయలేకపోతే ఒక భాగాన్ని ముందు బాగుచేసి తెరవండి. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలతో చేయించండి, రోడ్ల కాంట్రాక్టర్ల టెండరుతో కాదు. నాలుగోది, కళాకారులు, చరిత్రకారులు, ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ తెలిసిన పరిశోధకులు ఉన్న స్వతంత్ర కమిటీకి నిర్వహణ అప్పగించండి. ఏది చూపాలి, ఏది చూపకూడదు అన్నది ఆ కమిటీయే తేల్చాలి, ఏ మంత్రి పేషీ నుంచీ ఫోన్ రాకూడదు. అయిదోది, తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ సంస్థలో ఉన్న ఫర్మానాలు, దస్తావేజులు చదివి పనిచేసేందుకు ఏటా కొందరు యువ కళాకారులకు ఉపకార వేతనం ఇవ్వండి. ఆరోది, ఉస్మానియా విశ్వవిద్యాలయంతో మాట్లాడి బేగంపేట రాస్ భవనాన్ని కూడా దీనితో కలపండి. అక్కడ పెట్టే మొదటి ఫలకం మీద రాస్ పేరు పక్కన హుస్సేన్ ఖాన్ పేరు ఉండాలి.

వీటిలో ఏదీ అసాధ్యం కాదు. చట్టం ఉంది, స్థలం ఉంది, మనుషులున్నారు, తీర్పు ఉంది. లేనిది మీ నిర్ణయం. 2019లో ఈ భవనం కోసం కోర్టుకు వెళ్లినవాళ్లు సొంత ఖర్చులతో వెళ్లారు. మీ జీతాలు, మీ కార్యాలయాలు మాత్రం మా పన్నులతో నడుస్తున్నాయి. పౌరులు తమ పని చేశారు, న్యాయస్థానం తన పని చేసింది. మిగిలింది మీ పని.

వచ్చే వానాకాలం లోపు ఎర్రమంజిల్ మీద మీ నిర్ణయం ఏమిటో లిఖితపూర్వకంగా ప్రకటించండి. ప్రకటించకపోతే, ఆ గోడల్లో పడే ప్రతి పగులుకూ ఈ ప్రభుత్వానిదే బాధ్యత అని ఈ నగర ప్రజల తరఫున ఇప్పుడే చెబుతున్నాను.

ఇట్లు,
అమీర్‌పేట నివాసి,
హైదరాబాద్ పౌరుడు